కూర్చోమని చెప్పేది ఎవరు?



జిమ్‌కి డబ్బు కట్టి వెళ్ళనివాళ్ళ మీద అర్థశాస్త్రంలో ఒక పేరుపొందిన పరిశోధన ఉంది. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు హెల్త్ క్లబ్బుల హాజరు లెక్కలు తిరగేశారు. 7 వేల మందికి పైగా సభ్యుల లెక్కలవి. నెలకు 70 డాలర్లకు పైగా కడుతున్న సభ్యులు సగటున నెలకు నాలుగుసార్లకు మించి పెద్దగా వెళ్ళడం లేదని తేలింది. అంటే ఒక్కో రాకకు 17 డాలర్లు పడుతోందన్నమాట. అదే క్లబ్బులో సభ్యత్వం లేకుండా, పదిసార్లకు కలిపి పాసు కొనుక్కునే ఏర్పాటు కూడా ఉంది. దానితో వెళితే ఒక్కో రాకకు అయ్యేది 10 డాలర్లే. ఈ పరిశోధన 2006లో అచ్చయింది. జిమ్‌కి వెళ్ళకుండా ఉండడానికి డబ్బు కట్టడం అని దానికి చమత్కారంగా పేరు కూడా పెట్టారు.

వీళ్ళు లెక్క రానివాళ్ళు కారు. డబ్బు కట్టిన రోజున నిజంగానే తరచుగా వెళ్దామనుకున్నారు. మన ఇళ్ళలో ట్రెడ్‌మిల్ కొన్నవాళ్ళూ అంతే. కొన్న రోజున ఎవరూ దాన్ని తడిబట్టలు ఆరేసుకోవడానికని కొనరు. కట్టిన మనిషీ వెళ్ళాల్సిన మనిషీ ఒకరే అయినా, ఇద్దరి మధ్యా సరైన మాటలు లేనట్టుంటుంది.

వ్యాయామం మంచిదని తెలియనివాళ్ళు ఈ రోజుల్లో దాదాపు లేరు. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. షుగరు పరీక్షకు వెళితే డాక్టరుగారు చెబుతారు. పొద్దున్నే వాట్సాప్‌లో బావగారు చెబుతారు. అయినా 2022 అంచనాల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి ఆ మాత్రం కదలిక కూడా లేదు. 2000 సంవత్సరంలో వీళ్ళు 22 శాతమే. ఈ ఇరవై రెండేళ్ళలో మనకు ఆరోగ్యం గురించి తెలిసింది పెరిగింది, కదలడం తగ్గింది. చెప్పేవాళ్ళ లోటయితే లేదు. అయితే ఈ సలహాలన్నీ వింటున్న మనసు ఒకటి, తెల్లవారుజామున అలారం మోగినప్పుడు తీర్పు చెప్పే మనసు మరొకటి. ఆ రెండోదాని గురించే ఈ పూట నాలుగు మాటలు.

2018లో జెనీవాకు చెందిన బోరిస్ షెవాల్, అప్పుడు కెనడాలో ఉన్న మాథ్యూ బ్వాగోంటియే, వాళ్ళ సహచరులు కలిసి ఒక ప్రయోగం అచ్చువేశారు. 29 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద ఒక చిన్న మనిషిబొమ్మ ఉంటుంది. పక్కన ఇంకో బొమ్మ వస్తుంది. అది పరిగెత్తుతున్న మనిషిదో, మెట్లెక్కుతున్న మనిషిదో, సోఫాలో వాలినవాడిదో, ఊయలలో పడుకున్నవాడిదో అవుతుంది. ఒక విడతలో శ్రమ బొమ్మ వైపు మనిషిని నడిపించాలి, విశ్రాంతి బొమ్మ నుంచి దూరం జరపాలి. ఇంకో విడతలో దీనికి తలకిందులు. మీట నొక్కడానికి ఎంతసేపు పట్టిందో చూస్తూనే, తలకు తగిలించిన ఎలక్ట్రోడ్లతో మెదడులో విద్యుత్తు కదలికలనూ నమోదు చేశారు.

చేతులు చూస్తే అందరూ బుద్ధిమంతులే. శ్రమ వైపు త్వరగా వెళ్ళారు, సోఫా నుంచి త్వరగా తప్పుకున్నారు. మెదడు రాత మాత్రం ఇంకోలా ఉంది. సోఫా నుంచి తప్పుకోవడానికి మెదడు అదనంగా కష్టపడాల్సి వచ్చింది. లోపలినుంచి వస్తున్న ఒక లాగుడును అణచడానికి పనిచేసే భాగాలు ఎక్కువ చురుగ్గా కనిపించాయి. ఆ లాగుడు ఉన్నట్టు ఆ మనుషులకే తెలియదు. 29 మంది అంటే చిన్న సంఖ్యే. ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని మనిషి స్వభావం ఇదీ అని తేల్చేయకూడదు. కానీ దీని పక్కన పెట్టుకోదగ్గవి వేరేచోట్ల కూడా కనిపిస్తున్నాయి.

కెనడాలోనే సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో జెస్సికా సెలింజర్, మాక్స్ డోనెలన్ బృందం 2015లో మనుషుల మోకాళ్ళకు ఒక పరికరం తగిలించి నడిపించింది. మామూలుగా మనకు హాయిగా ఉండే నడకను ఆ పరికరం కొంచెం ఖరీదైనదిగా మారుస్తుంది, అంటే ఆ వేగంతో అడుగులు వేస్తే శక్తి ఎక్కువ ఖర్చవుతుంది. నిమిషాల్లో వాళ్ళ కాళ్ళు అడుగుల లయ మార్చుకున్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ అలవాటైన నడకను వదిలేసి తక్కువ ఖర్చయ్యే నడకలోకి దిగాయి. మిగిలిందెంతంటే, కొన్నిసార్లు 5 శాతం కన్నా తక్కువ. మన ఒంట్లో ఒక పాతకాలపు నాయనమ్మ కాపురం ఉన్నట్టే. ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే ఊరుకోదు, అడక్కుండానే ఆర్పేస్తుంది.

ఆవిడను తిట్టి లాభం లేదు. ఎందుకంటే లక్షల ఏళ్ళపాటు మనల్ని బతికించింది ఆవిడే. టాంజానియాలో హద్జా అనే తెగవాళ్ళు ఇప్పటికీ వేటాడి, దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని బతుకుతారు. వాళ్ళ తొడలకు చిన్న పరికరాలు కట్టి చూసిన డేవిడ్ రాయ్‌క్లెన్ బృందం 2020లో ఆసక్తికరమైన సంగతి బయటపెట్టింది. హద్జాలు పగలు మెలకువగా ఉన్నప్పుడే రోజుకు దాదాపు 10 గంటలు కదలకుండా గడుపుతారు. మన ఆఫీసు ఉద్యోగికి ఇదేమీ తీసిపోదు. అడవి మనిషంటే ఎప్పుడూ పరిగెడుతుంటాడనుకునే మన ఊహ తప్పు. పని లేనప్పుడు కూర్చోవడం మనిషికి సహజం. తిండి దొరుకుతుందో లేదో తెలియని చోట ఊరికే పరిగెత్తేవాడే పిచ్చివాడు.

మరి వాళ్ళకు మనకున్న గుండెజబ్బులు ఎందుకు లేవు? మిగతా సమయంలో వాళ్ళు గట్టిగా కష్టపడతారు, అది ఒక కారణం. రెండోది వాళ్ళు కూర్చునే తీరు కావచ్చని ఆ బృందం అంటుంది. నేలమీద గొంతుక్కూచుంటారు, మోకాళ్ళు మడుచుకుని కూర్చుంటారు. అలా కూర్చున్నప్పుడు కాళ్ళ కండరాలు కొంచెం కొంచెంగా పనిచేస్తూనే ఉంటాయి. కుర్చీలో కూర్చుంటే అవి దాదాపు పూర్తిగా సెలవు తీసుకుంటాయి.

ఈ మాట వినగానే మనలో నడివయసు దాటినవాళ్ళకు ఇల్లు గుర్తురావాలి. బియ్యం ఏరడం, కూర తరగడం, కత్తిపీట ముందు కూర్చోవడం, భోజనానికి పీట వాల్చుకోవడం, రచ్చబండ దగ్గర గొంతుక్కూచుని ఊరి సంగతులు మాట్లాడుకోవడం. ఇవేవీ వ్యాయామం అని ఎవరూ అనుకోలేదు. రోజుకు పాతికసార్లు నేలమీదికి దిగి లేచేవాళ్ళు. ఒక్క తరంలో వంటగది నడుమెత్తుకు లేచింది, భోజనం బల్లమీదికి ఎక్కింది, పెళ్ళిభోజనం బఫే అయింది, మరుగుదొడ్డి కూడా కుర్చీ అయింది. నేను పాతవాటిని వెనక్కి రమ్మనడం లేదు. రుబ్బురోలు పోయినందుకు బాధపడేవాళ్ళలో రుబ్బినవాళ్ళు ఎవరూ ఉండరు. నేను చెప్పేదల్లా, ఆ కదలికను మనం సంకల్పంతో వదులుకోలేదన్న సంగతే. సామాన్లు మారాయి, వాటితోపాటు అదీ పోయింది.

సామాన్లకు ఎంత బలముందో లండన్‌లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు ఎప్పుడో చూపించాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత గుండెపోట్లు ఎందుకు పెరుగుతున్నాయో ఎవరికీ అంతుపట్టడం లేదు. మోరిస్ అక్కడి రెండంతస్తుల బస్సుల్ని చూశాడు. ఒకే బస్సు, ఒకే జీతగాళ్ళ వర్గం, ఒకే ఊరు. డ్రైవరు డ్యూటీలో ఎక్కువ భాగం కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కి దిగుతాడు. 1953లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన లెక్కల్లో కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ, వచ్చినా కొంత వయసు మీద పడ్డాకే, అంత ప్రాణాంతకం కాకుండా. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధం మీద ఆధునిక శాస్త్రం మొదలైంది ఇక్కడే అంటారు. ఆ కండక్టర్లలో ఎవరూ ఈ రోజు నుంచి మెట్లెక్కుదాం అని కొత్త సంవత్సరం తీర్మానం చేసుకోలేదని గమనించండి. బస్సులో మెట్లున్నాయి, పైన టికెట్లు కొట్టాలి, అంతే.

మోరిస్ నిజాయితీ గురించి కూడా ఒక్క మాట చెప్పాలి. అసలు లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అన్న అనుమానం ఆయనకే వచ్చింది. కంపెనీ దర్జీల దగ్గరున్న యూనిఫారం కొలతలు తెప్పించి చూశాడు. నిజంగానే డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఎక్కువ. దాన్ని దాచకుండా 1956లో తానే అచ్చువేశాడు. అందువల్ల కథ మొత్తం కొట్టుకుపోలేదు, కాస్త చిక్కబడింది. తపాలా బట్వాడాదార్లను, బల్ల దగ్గర పనిచేసే గుమాస్తాలను పోల్చినప్పుడూ ఇదే వరస కనిపించింది. మోరిస్ గారు 99 ఏళ్ళు బతికారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. అంతశ్చేతన, తెలియని మనసు అనే పేరుతో చెప్పేవన్నీ నమ్మకండి. 1996లో న్యూయార్క్‌లో జాన్ బార్గ్ బృందం చేసిన ప్రయోగం చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఊరేగింది. ముసలితనాన్ని గుర్తుచేసే మాటలు చదివించిన విద్యార్థులు గదిలోంచి బయటికి వెళ్తూ తెలియకుండానే నెమ్మదిగా నడిచారన్నది దాని సారం. 2012లో బ్రస్సెల్స్‌లో స్టెఫాన్ డోయెన్ బృందం నడకను మనిషి చేతి గడియారంతో కాకుండా యంత్రంతో కొలిచి చూస్తే ఆ తేడా మాయమైంది. నెమ్మదిగా నడుస్తారని ఎదురుచూస్తున్నవాళ్ళ చేత ప్రయోగం నడిపించినప్పుడు మాత్రం మళ్ళీ కనిపించింది. తెలియని మనసు పరిశోధకులకూ ఉంటుంది కదా! నాలుగు మాటలు చదివిస్తే, గోడకు ఒక నినాదం అంటిస్తే జీవితం మారిపోతుందనే వ్యక్తిత్వ వికాస గురువులను ఈ కారణంగానే నేను కాస్త దూరం నుంచి వింటాను. మనిషిని నిజంగా కదిలించేవి ఇంతకన్నా లోతైనవి. వాటిలో జ్ఞాపకం ఒకటి.

శ్రమ మన మనసులో ఏ ఖానాలో పడి ఉందో ఆలోచించండి. మన బడిలో హోంవర్కు చేయకపోతే ఏం చేయించారు? గుంజీళ్ళు తీయించారు. అల్లరి చేస్తే గోడకుర్చీ వేయించారు. ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ పరిగెత్తించారు. గుంజీళ్ళను ఇప్పుడు జిమ్‌లో స్క్వాట్స్ అని నేర్పుతున్నారు, గోడకుర్చీ కూడా అక్కడి కసరత్తుల జాబితాలో ఉంది. పదేళ్ళపాటు వీటిని శిక్షగా వేసి, నలభయ్యో ఏట వీటినే ఆనందంగా చేయమంటున్నాం. పైగా ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు లాగేసుకుంటే పిల్లాడు నేర్చుకునే పాఠం స్పష్టమే: ఆట అనేది పని లేనివాళ్ళ వ్యవహారం. ఆ పాఠం వాడు బట్టీ పట్టడు, మరిచిపోడు. వినాయక చవితి నాడు స్వామి ముందు అవే గుంజీళ్ళు నవ్వుతూ తీస్తాం. ఇంట్లో పెద్దాయన కూడా మోకాలు పట్టుకుని మూడు తీస్తాడు. కండరాల పనిలో ఏ తేడా లేదు. ఒకచోట అవమానం కలిసి ఉంది, ఒకచోట పండగ కలిసి ఉంది. నన్నడిగితే బడుల్లో ఒంటికి శ్రమ చెప్పే శిక్షలను పూర్తిగా మానేయాలి. పిల్లల హక్కుల కోసమే కాదు, వాళ్ళ భవిష్యత్తు గుండెల కోసం కూడా.

జ్ఞాపకానికి ఇంకో వంకర ఉంది. వ్యాయామానికి ముందు ఎంత సుఖంగా ఉంటుందని అడిగితే జనం తక్కువ చెబుతారు, చేశాక అడిగితే ఎక్కువ చెబుతారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ రూబీ బృందం 2011లో ఇది చూపించింది. కారణం, ఊహలో మనకు మొదటి నిమిషాలే కనిపిస్తాయి. దుప్పటి తీయడం, బూట్లు వెతుక్కోవడం, మొదటి మలుపు దాకా ఆయాసం. ఆ తర్వాత వచ్చే హాయి ఊహకు అందదు. ఇక చేశాక గుర్తుండేది చివరి ఘట్టం. 2016లో జాకరీ జెంకో, పాంతెలీమోన్ ఎకెకాకిస్, డాన్ ఏరియలీ కొందరితో 15 నిమిషాలు సైకిలు తొక్కించారు. కొందరికి తేలిగ్గా మొదలై గట్టిగా ముగిసింది, కొందరికి గట్టిగా మొదలై తేలిగ్గా ముగిసింది. రెండోవాళ్ళకే అది మంచి అనుభవంగా గుర్తుండిపోయింది. చివర్లో ఊపిరి ఆగిపోయేదాకా పరిగెత్తించే కోచ్‌లు ఈ సంగతి తెలుసుకుంటే బాగుండు. నడకకు వెళ్ళేవాళ్ళు ఎత్తు రోడ్డు ముందు పెట్టుకుని, వాలు రోడ్డు ఇంటికొచ్చేటప్పుడు పెట్టుకోండి.

తీయని జ్ఞాపకానికీ అర్థానికీ ఉన్న బలం తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మొదటి అంతస్తుకు లిఫ్ట్ కోసం నిలబడే మనిషే అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కుతాడు. సింహాచలంలో ఆషాఢ పౌర్ణమి గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. లక్షలమంది, చాలామంది చెప్పులు లేకుండా, రాత్రంతా నడుస్తారు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్ళు గంటలకొద్దీ వంగుతూ లేస్తూ తిరుగుతూ ఆడతారు, ఒక్కరు కూడా ఇవాళ నా కార్డియో అయిపోయింది అనరు. ఆ మెట్ల మీద లోపలి నాయనమ్మ నోరు ఎందుకు మెదపదు? మొక్కు ఉంది, చుట్టూ జనం ఉన్నారు, అందరూ ఒకే వైపు వెళ్తున్నారు. ఆగిపోవడం అక్కడ కష్టం, నడవడమే తేలిక.

చుట్టూ ఉన్న జనం బలం కూడా లెక్కకు అందింది. సినాన్ అరల్, క్రిస్టోస్ నికొలైడెస్ అనే పరిశోధకులు పదకొండు లక్షల మంది పరుగువీరుల వివరాలు ఐదేళ్ళవి పరిశీలించి 2017లో ప్రచురించారు. ఒక ఊళ్ళో వాన పడి అక్కడివాళ్ళు పరుగు మానేస్తే, ఎండగా ఉన్న ఇంకో ఊళ్ళో వాళ్ళ స్నేహితులు కూడా తగ్గించారు. స్నేహితుడు ఒక కిలోమీటరు ఎక్కువ పరిగెడితే మనం 300 మీటర్లు ఎక్కువ పరిగెడతామట. అడిగితే మాత్రం అందరూ నా ఇష్టంతోనే పరిగెత్తాను అంటారు.

మన పనిని మనం ఏమని అనుకుంటున్నామో దాని ప్రభావం కూడా ఉండొచ్చు. హార్వర్డ్‌లో ఆలియా క్రమ్, ఎలెన్ లాంగర్ 2007లో ఏడు హోటళ్ళలో గదులు శుభ్రం చేసే 84 మంది స్త్రీలను తీసుకున్నారు. రోజంతా వంగి లేచి పక్కలు సర్దే వీళ్ళను వ్యాయామం చేస్తారా అని అడిగితే చాలామంది సరిగ్గా చేయం అన్నారు. కొందరికి మీ పనే మంచి వ్యాయామం అని వివరించి చెప్పారు. నాలుగు వారాల తర్వాత వాళ్ళ బరువు, రక్తపోటు కాస్త తగ్గాయి, చెప్పనివాళ్ళవి తగ్గలేదు. తెలియకుండానే ఇంకాస్త హుషారుగా పనిచేశారో, నమ్మకమే ఒంటి మీద పనిచేసిందో ఆ ప్రయోగం విడదీసి చెప్పలేదు.

ఆడవాళ్ళ ప్రసక్తి వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. ఇందాకటి 2022 అంచనాల్లో చాలినంత కదలిక లేనివాళ్ళు మగవాళ్ళలో 42 శాతం ఉంటే, ఆడవాళ్ళలో 57 శాతం. దీన్ని ఆడవాళ్ళ బద్ధకం అనేవాళ్ళు ఒక్కసారి ట్రాక్‌ప్యాంటు వేసుకుని చిన్న ఊరి వీధిలో నడుస్తున్న నలభై ఏళ్ళ ఇల్లాలి వైపు ఎన్ని కళ్ళు తిరుగుతాయో చూడాలి. పొద్దున ఆరింటికి ఇంట్లో పాలు కాగుతుంటే తన కోసం తాను ఓ అరగంట తీసుకోవడం తప్పు చేసినట్టుగా ఆమెకే అనిపిస్తుంది. ఆ అపరాధభావాన్ని ఎవరూ పాఠంగా చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ చూసి ఒంటబట్టింది. 2017లో నేచర్ పత్రికలో వచ్చిన, స్మార్ట్‌ఫోన్ల ద్వారా అడుగులు లెక్కపెట్టిన పరిశోధనలో అమెరికా నగరాలను పోల్చి చూశారు. నడవడానికి వీలైన నగరాల్లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య తేడా తగ్గింది. ఉపన్యాసాలకన్నా ఫుట్‌పాత్, వీధిలైటు ఎక్కువ పనిచేస్తాయని దీన్నిబట్టి నేననుకుంటున్నాను.

మరి ఇంట్లో ఏం చేయాలి అంటారు. సంకల్పాన్ని నమ్ముకోకండి, అది రోజుకోలా ఉంటుంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ 96 మందిని గమనిస్తే, ఒక పని ఆలోచించకుండా చేసేంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పట్టవచ్చని అంచనా. మంచినీళ్ళు తాగడంలాంటివి త్వరగా, వ్యాయామంలాంటివి ఆలస్యంగా కుదిరాయి. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటుకు పెద్ద నష్టం జరగలేదు. కాబట్టి ఒక రోజు మానేశాం, ఇక అయిపోయింది అనుకోనక్కర్లేదు. రోజూ తప్పకుండా జరిగే ఒక పని వెనక నడకను తగిలించండి. సాయంత్రం టీ గ్లాసు కింద పెట్టగానే చెప్పులు. ఎన్ని నిమిషాలన్నది తర్వాత సంగతి, చెప్పులు వేసుకోవడం ముందు సంగతి. ఇష్టమైన కథో పాటో నడిచేటప్పుడు మాత్రమే వినాలని పెట్టుకున్నా కొంత సాయం. పెన్సిల్వేనియాలో కేథరిన్ మిల్క్‌మన్ ఇలాగే జిమ్‌లో మాత్రమే వినగలిగే నవలలు ఇచ్చి చూసింది. మొదట్లో రాకపోకలు సగానికి సగం పెరిగాయి. మధ్యలో పండగ సెలవులు వచ్చేసరికి ఆ పెరుగుదల కరిగిపోయింది. సెలవుల నుంచి తిరిగొచ్చాక మళ్ళీ మొదలుపెట్టాలని ముందే అనుకుని ఉంచుకోవడం మంచిది.

చివరగా అపార్ట్‌మెంట్లలో ఉండే శ్రోతలకు ఒక విన్నపం. లిఫ్ట్ మీ గుమ్మం ఎదురుగా, అద్దంతో, దీపంతో ఉంటుంది. మెట్లు ఒక మూల, బరువైన తలుపు వెనక, చీకట్లో, పాత సైకిళ్ళ మధ్య ఉంటాయి. ఏది ఎక్కాలో అక్కడ ముందే నిర్ణయమైపోయింది. 1980లోనే ఫిలడెల్ఫియాలో కెల్లీ బ్రౌనెల్ బృందం ఎస్కలేటర్ పక్కన చిన్న బోర్డు పెట్టి చూస్తే మెట్లెక్కేవాళ్ళు పెరిగారు, బోర్డు తీసేశాక మళ్ళీ తగ్గిపోయారు. మీ అసోసియేషన్ ఈ నెల సమావేశంలో పార్కింగ్ గొడవ, నీళ్ళ ట్యాంకరు లెక్క అయ్యాక మెట్ల దగ్గర మంచి బల్బు వేయించమనీ, ఆ సైకిళ్ళు తీయించమనీ అడగండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు లిఫ్ట్ ఎలాగూ ఉంటుంది.